కడప బండ రంగు కారు

పెళ్ళి మండపం ఇంకో కిలోమీటరు ఉందనగా సుధీర్ కారు నిలబడిపోయింది.

కడప ఊరి మొదట్లో, మే నెల ఎండలో, ముహూర్తానికి అరగంట ముందు. డ్రైవరు ముందున్న తెర ఆరిపోయింది. చల్లగాలి ఆగింది. ఇంజను చప్పుడు లేదు. డ్రైవరు ఉరుకుందప్ప కారును ఎలాగో రోడ్డు పక్కకు దొర్లించి, యజమాని మొహం చూసే ధైర్యం లేక స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు. వెనక సీట్లో సుధీర్ భార్య స్వర్ణలత, ఆమె పక్కన సుధీర్ తల్లి సుబ్బలక్ష్మమ్మ. పట్టుచీరల్లో ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. కారు ఇలా ఆగడం ఇది నాలుగోసారి.

స్వర్ణలత తన తమ్ముడు భూపేష్‌కు ఫోన్ చేసింది. అతనిది కడపలో సిమెంటు వ్యాపారం. పది నిమిషాల్లో తన కాజిమా కారు వేసుకొని వచ్చాడు. ఆగిన కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చేత్తో తట్టాడు.

"ఏం బావా, బండ రంగు కావాలంటే బండనే ఇచ్చినారా వాళ్ళు?"

అదే మాట మండపంలో ఇద్దరితో అన్నాడు. ఆ ఇద్దరూ ఇంకో నలుగురితో అన్నారు. భోజనాల వేళకు బంధువులందరికీ తెలిసిపోయింది. సుధీర్ విస్తరి ముందు నుంచి సగంలోనే లేచిపోయాడు.

బండ రంగు సంగతి చెప్పాలి. సుధీర్‌ది కర్నూలు. బేతంచెర్లలో నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. తండ్రి ఒక్క కోత మిషనుతో మొదలుపెట్టిన పని. తండ్రి పోయాక సుధీర్ దాన్ని పది రెట్లు చేశాడు. నలభై ఐదో ఏట, మంచి కారు ఒకటి కొనుక్కోవాలనుకున్నాడు. కొంటే రెండే పేర్లు. ఒకటి జపాను వాళ్ళ కాజిమా, రెండోది జర్మనీ వాళ్ళ ఆరెన్‌బర్గ్.

కాజిమా మనిషి వచ్చి, "మా బండి పదిహేనేళ్ళయినా ఆగదు సార్. ఆరు రంగులుండాయి, ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. భూపేష్ కారు ఏడేళ్ళుగా ఒక్కసారీ ఆగలేదు.

ఆరెన్‌బర్గ్ తరఫున మధులత వచ్చింది. కర్నూలును ఆనుకున్న కల్లూరులో, హైవే పక్కనున్న షోరూంకు ఆమె మేనేజరు. పెద్ద పెట్టె ఒకటి తెచ్చి హాల్లో తెరిచింది. అందులో తోలు ముక్కలు, దారపు ఉండలు, కొయ్య ముక్కలు. "రంగుల లెక్క మా దగ్గర లేదు సార్. మీరు ఏ రంగు చూపిస్తే ఆ రంగు తయారుచేస్తాం" అంది.

సుధీర్ లేచి పెరట్లోకి వెళ్ళి, జానెడు నల్ల కడప బండ ముక్క తెచ్చాడు. చెంబుతో దాని మీద నీళ్ళు పోశాడు. పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉన్న రాయి, తడవగానే నీలం కలిసిన నలుపులోకి తిరిగి నిగనిగలాడింది.

"ఈ రంగు," అన్నాడు. "మా నాయన రోజూ చూసిన రంగు ఇది."

ఆ ముక్కను మెత్తటి గుడ్డలో చుట్టి జర్మనీకి పంపారు. దాంతోపాటు సుధీర్ ఇంకొకటి కూడా అడిగాడు. తల్లికి మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు వేలాడేసి పది నిమిషాలకు మించి కూర్చోలేదు. ఆమె కాళ్ళకు సరిపోయేలా వెనక సీటు ముందు ఒక కాళ్ళపీట కావాలన్నాడు. కంపెనీ మనిషి ఒకతను బెంగళూరు నుంచి వచ్చి, సుబ్బలక్ష్మమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చొని, మోకాలి నుంచి మడమ దాకా టేపుతో కొలుచుకున్నాడు. "నా పెండ్లికి గూడా నన్నెవురూ ఇంత కొలిచి చూడల్యా" అని ఆమె నవ్వింది.

ఎనిమిది నెలలకు కారు వచ్చింది. తడిసిన కడప బండ రంగే, ఒక్క వీసం తేడా లేదు. సుబ్బలక్ష్మమ్మ కాళ్ళు పీట మీద చాపుకొని మహానంది వెళ్ళొచ్చింది. మొదటి రెండు ప్రయాణాలు హాయిగా సాగాయి. మూడోసారి నుంచి కారు ఆగడం మొదలుపెట్టింది.

ఆగిన ప్రతిసారీ షోరూం వాళ్ళు వచ్చి కారు తీసుకుపోయారు. పుణె నుంచి కంపెనీ ఇంజనీర్లు దిగారు. బ్యాటరీ మార్చారు. కంప్యూటర్ పెట్టె మార్చారు. కడప పెళ్ళి తర్వాత ఏకంగా ఐదు వందల కిలోమీటర్లు తిప్పి చూసి, లోపమేమీ లేదని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం చేతికొచ్చిన మూడో రోజు, తల్లిని నంద్యాలలో మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే ఓర్వకల్లు దాటాక కారు ఐదోసారి ఆగింది.

సుధీర్ అక్కడి నుంచే మధులతకు ఫోన్ చేశాడు. కోపం దాటిపోయి, గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"సోమవారం పొద్దున పది గంటలకు పత్తికొండ నుంచి నాలుగు జతల ఎద్దులు వస్తాండాయి మేడం. మీ షోరూం కాడ నుంచి ఊరి నడుమ రాజ్‌విహార్ దాకా నా కారును ఎద్దులతో లాగిస్తా. టీవీ వాళ్ళకు చెప్పేసినా. మీరూ రాండి, చూద్దురుగానీ."

మధులత ఫోన్ పెట్టేసింది. ఎనిమిది ఎద్దులు ఆరెన్‌బర్గ్‌ను లాగుతున్న వీడియో ఒక్కటి బయటికి వెళితే చాలు, కర్నూలు నుంచి కడప దాకా ఇంక ఆ కారు వైపు ఎవరూ చూడరు. సాయంత్రమే అందరినీ పిలిచి మాట్లాడింది. పుణె ఇంజనీరు ఫోన్‌లో ఉన్నాడు.

"కస్టమర్‌ది రాళ్ళ ఫ్యాక్టరీ కదా. ఆ దుమ్ము లోపలికి పోయి ఉంటుంది. వాడకంలో తప్పు అని రాసేద్దాం. మన పేరు నిలబడుతుంది" అన్నాడు.

గదిలో వెనకగా నిలబడిన మెకానిక్ రెజీనా నోరు విప్పింది. "దుమ్మయితే రోజూ ఆగాలి కదా సార్? ఏడు నెలల్లో ఐదుసార్లే ఎందుకు ఆగింది?"



రెజీనాకు ఇరవై ఏడేళ్ళు. ఆ వర్క్‌షాపులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. పత్తికొండ దగ్గర పల్లె. తండ్రి దావీదురాజు ట్రాక్టర్లు, బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడిస్తాడు. పాటలో ఎవరి గొంతు తప్పిందో, మోటారులో ఏ బేరింగు అరిగిందో చెవితోనే పట్టుకునే మనిషి. ఆయన పక్కన కూర్చొని పానాలు అందిస్తూ పెరిగిన పిల్ల, పాలిటెక్నిక్ చదివి, పుణెలో శిక్షణ పొంది, ఇక్కడ చేరి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ కొందరు ఆమె చేతికి తాళాలిచ్చి, "లోపల మెకానిక్‌కు ఇవ్వమ్మా" అంటారు.

"మేడం, శనివారం దాకా నాకు టైమివ్వండి" అంది మధులతతో.

మధులతకు వేరే దారి లేదు. "సరే. సుధీర్ గారు నిన్ను గేటు లోపలికి రానిస్తే" అంది.

మరుసటి రోజు రెజీనా ముందుగా ఉరుకుందప్పను పట్టుకుంది. వర్క్‌షాపు ముందు టీ కొట్టు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. ఆమె మాట మొదలుపెట్టకముందే అతను చేతులు జోడించాడు.

"నా తప్పేం ల్యా మేడం. ఇరవై ఏండ్ల సర్వీసు నాది. దుడ్లు పోతే మళ్ళా వస్తాయి, మర్యాద పోతే యాడ తెచ్చుకునేది?"

"నీ తప్పని ఎవరన్నారన్నా? కారు యాడికి పోయినప్పుడు ఆగిందో చెప్పు చాలు."

"మహానందికి పోయినప్పుడు మూడు తూర్లు. కడప పెండ్లికి ఒకతూరి. మొన్న డాక్టరు కాడికి ఒకతూరి."

"హైదరాబాదుకు పోలేదా?"

"ఆరు తూర్లు పోయినా. ఒక్కతూరీ నిలబడల్యా."

"హైదరాబాదుకు ఎవరెవరు పోయినారు?"

"సారు ఒక్కడే."

"మహానందికి?"

"అవ్వ."

"పెండ్లికి?"

ఉరుకుందప్ప టీ గ్లాసు కిందికి దించాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అవ్వ ఉన్నప్పుడే నిలబడతాది మేడం. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వ ముందర మాత్రం ఎవురూ అనరు."

రెజీనా ఆ సాయంత్రమే సుధీర్ ఇంటికి వెళ్ళింది. వరండాలో సుధీర్ ఎదురుపడ్డాడు. ఆమె వేసుకున్న కంపెనీ చొక్కా చూసి మొహం ముడుచుకున్నాడు.

"పుణె నుంచి వచ్చినోళ్ళకే కాలేదు. నీకేం తెలుస్తాదమ్మా?"

"తెలీకుంటే సోమవారం ఎద్దులు ఉండనే ఉండాయి కద సార్. అంతవరకు చూడనీండి."

సుధీర్‌కు నవ్వు రాకూడదనుకున్నా వచ్చింది. "చూడు. కారు షెడ్డులో ఉండాది."

"కారును కాదు సార్. అవ్వతో మాట్లాడాల."

సుబ్బలక్ష్మమ్మ లోపల ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని, కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకొని ఉంది. రెజీనా ఆమె పక్కన నేల మీద కూర్చుంది. కారు మాట ఎత్తగానే ముసలామె తల అడ్డంగా ఊపింది.

"నేను దాంట్లో ఎక్కను పాపా. నేను ఎక్కితే నిలబడతాది. మొగుడు పోయినదాన్ని. గుడికి పోయినా, శుభకార్యానికి పోయినా అంతే. ఇంగ ఎక్కనని మహానందీశ్వరునికి చెప్పుకున్నా. మావోడు నా కోసరం అంత ప్రేమగా చేయించినాడు. వానికి చెప్పొద్దు."

చెప్పక్కర్లేదు. సుధీర్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ద్వారబంధం పట్టుకున్నాడు. ఇంట్లో ఇన్నాళ్ళూ గుసగుసలాడుకుంటున్న మాట తల్లి చెవిదాకా పోయిందని అతనికి ఇప్పుడే తెలిసింది.

"అవ్వా," అంది రెజీనా, "బండికి దేవుడూ తెలీదు, మొగుడూ తెలీదు. దానికి తెలిసింది కరెంటు ఒకటే. అది ఆగే ముందర మీరేం చేస్తాంటారో గుర్తు చేసుకోండి."

"ఏం చేస్తానే? కూచునుంటా."

"ఎట్ల కూచుంటారు?"

ఆమె ఆలోచించింది. ఆ ప్రశ్న తననెవరూ అడగలేదన్న సంగతి ఆమె మొహంలోనే కనిపించింది. ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు. అందరూ డ్రైవర్ని అడిగారు, మిషను తగిలించి చూశారు. వెనక సీటు ఖాళీగా ఉంచి కారు తిప్పారు.

"కొంచెం సేపు బాగానే ఉంటాది. మోకాళ్ళు పట్టేస్తాయి గదా, అప్పుడు పీట మీద మడమలు ఆనించి గట్టిగా తోస్తా. అట్ల తోస్తే నొప్పి దిగుతాది. ఆ... తోసినాక కాళ్ళ కింద వెచ్చగా అనిపిస్తాది. ఎండేమో అనుకుంటా. అంతలోకి నిలబడతాది."

రెజీనా లేచి నిలబడింది. ఆమె కళ్ళు మెరిశాయి.

"శనివారం మీరు నాతో రావాల అవ్వా. కడప దాకా."

"ఎక్కనని మొక్కుకున్నా గదనే."

"ఎక్కమ్మా," అన్నాడు సుధీర్ గుమ్మంలో నుంచి.  "నేనూ వస్తా. నిలబడితే అందరం కలిసి నిలబడదాం."

శనివారం మధ్యాహ్నం, ఎండ బాగా ముదిరాక బయలుదేరారు. రెజీనా నడిపింది. పక్కన సుధీర్. వెనక సుబ్బలక్ష్మమ్మ, ఆమె పక్కన ఉరుకుందప్ప. ఇరవై ఏళ్ళ సర్వీసులో యజమాని కారులో వెనక కూర్చోవడం అతనికి అదే మొదటిసారి, సీటు అంచున కూర్చున్నాడు.

ఓర్వకల్లు రాళ్ళు దాటారు. పాణ్యం దాటారు. నంద్యాల వెళ్ళిపోయింది. కారు నీళ్ళ మీద పడవలా పోతోంది. సుధీర్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. రెజీనా అద్దంలో వెనక్కి చూసింది. ముసలామె కాళ్ళు ముడుచుకొని, పీటకు తగలకుండా పక్కకు పెట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి.

"అవ్వా! కాళ్ళెందుకు ముడుచుకున్నావు?"

"నిలబడతాదేమోనే."

"నిలబడాలనే గదా వచ్చింది! సాపు. బాగా సాపు. రోజూ తోసినట్టు తోయి."

సుబ్బలక్ష్మమ్మ భయం భయంగా కాళ్ళు చాపింది. మడమలు ఆనించింది. ఎన్నాళ్ళ నొప్పో, ఒకసారి తోశాక ఆగలేదు, బలమంతా పెట్టి తోసింది. ఆళ్ళగడ్డ రెండు కిలోమీటర్లుందని రాయి కనిపించింది. "వెచ్చగా అవుతాండాది పాపా" అంది ముసలామె. అంతే, తెర ఆరిపోయింది. గాలి ఆగింది. ఇంజను ఆగింది.

"నిలబడింది!" అని రెజీనా స్టీరింగు మీద చరిచి అరిచింది. కోట్ల కారు నడిరోడ్డులో ఆగినందుకు అంత సంతోషపడిన మనిషిని సుధీర్ ఇంతకు ముందు చూడలేదు.

కారును పక్కకు దొర్లించి, రెజీనా వెనక తలుపు తీసింది. "అవ్వా, కాళ్ళు తీయొద్దు. అట్లే పెట్టుకో." నేల మీద పడుకొని, టార్చి పట్టుకొని, తల పీట కిందికి దూర్చింది. తారు రోడ్డు అంచున కంకర వీపుకు కాలుతోంది. రెండు నిమిషాలు అక్కడే వెతికింది.

"ఇప్పుడు తీయి."

ముసలామె కాళ్ళు ఎత్తింది. లోపల చిన్నగా టిక్‌మని వినిపించింది.

రెజీనా నాలుగు మరలు విప్పి, పీటను బయటికి తీసి రోడ్డు పక్కన పెట్టింది. "సార్, మీ కండ్లతో మీరే చూడండి. నా మాట నమ్మొద్దు."

సుధీర్ వంగి చూశాడు. పీటను నేలకు బిగించిన ఒక పొడుగాటి మర కింద నల్లటి వైరు నలిగిపోయి ఉంది. పైన రబ్బరు అరిగి, లోపలి రాగి ఎర్రగా కనిపిస్తోంది. పీట మీద గట్టిగా తోసినప్పుడల్లా ఆ రాగి పోయి ఇనుముకు తగులుతుంది. తగలగానే ఎక్కడ మంట పుడుతుందోనని కారు కరెంటంతా కట్ చేసుకుంటుంది. కాళ్ళు తీస్తే వైరు విడిపోతుంది, షోరూం వాళ్ళు కరెంటు మళ్ళీ కలపగానే కారు బాగైపోతుంది. మిషను పెట్టి ఎన్నిసార్లు చూస్తే మాత్రం ఏం దొరుకుతుంది?

"ఇది ఈడ బిగించింది కాదు సార్. మా కంపెనీ అక్కడే బిగించి పంపింది. తప్పు మాది," అంది రెజీనా.

సుధీర్ లేచి నిలబడ్డాడు. కారు చుట్టూ తిరిగి తల్లి వైపు తలుపు దగ్గరికి వెళ్ళి, ఆమె పాదాల దగ్గర రోడ్డు మీద కూర్చున్నాడు.

"ఇన్నాండ్లూ నీ వల్లనే అనుకున్నావామ్మా?"

"నువ్వు అనుకోలేదంట్రా?" అంది ఆమె.

అతను తల వంచుకున్నాడు. తర్వాత ఆ రోజు గురించి ఎవరికి చెప్పినా సుధీర్ ఈ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఉరుకుందప్పే చెప్పాడు.

రెజీనా వైరుకు గట్టిగా టేపు చుట్టి, మరకు అందనంత దూరం జరిపి కట్టి, పీటను మళ్ళీ బిగించి, కరెంటు కలిపింది. "ఇప్పుడు తొక్కు అవ్వా. విరగ్గొట్టినట్టు తొక్కు." ఆళ్ళగడ్డ నుంచి చాగలమర్రి దాకా తొక్కింది. మైదుకూరు దాకా తొక్కింది. మైదుకూరు దాటాక హాయిగా కాళ్ళు చాపుకొని నిద్రపోయింది. సన్నటి గురక ఇంజను కంటే పెద్దగా వినిపించింది. కారు కడపలో భూపేష్ ఇంటి ముందు ఆగేవరకు ఎక్కడా ఆగలేదు.

భూపేష్ బయటికొచ్చి ముందు కారును, తర్వాత మట్టి కొట్టుకుపోయిన రెజీనా చొక్కాను చూశాడు. "ఏం బావా, తోసుకుంటా వచ్చినారా?"

"నీ బండి తియ్ భూపేష్," అన్నాడు సుధీర్ నవ్వుతూ. "రేపు కర్నూలు దాకా నువ్వు ముందర పో. మేం వెనక వస్తాం. యాడన్నా ఆగుతామేమో చూద్దువు."

నిజంగానే ఆదివారం రెండు కార్లూ కలిసి వచ్చాయి. ఒక్కటీ ఆగలేదు.

అయితే రెజీనా పని ఇంకా మిగిలే ఉంది. సోమవారం తెల్లారగానే ఆమె రాసిన నివేదిక మధులత బల్ల మీద ఉంది. పుణె ఇంజనీరు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"'కంపెనీ బిగింపులో లోపం' అని రాస్తే ఎలా? కొలతలు వేరైనా, ఇదే బిగింపుతో ఎన్ని కార్లలో పీటలు పెట్టామో తెలుసా? 'వాడకం వల్ల వైరు దెబ్బతిన్నది' అని మార్చమనండి. కస్టమర్ కారు బాగైంది కదా, ఆయనకూ నష్టం లేదు."

మధులత రెజీనా వైపు చూసింది.

"నేను మార్చను మేడం," అంది రెజీనా. "ఈ కారులో ముసలామె కూచుంది, ఆగింది. ఇంకో కారులో కరెంటు కట్ కాకుంటే మంట పుడుతుంది. అప్పుడు ఏమని రాయాల? నా సంతకం తీసేసి మీరే రాసుకోండి, నేను పత్తికొండకు పోయి మా నాయనతో బోరు మోటార్లు చేసుకుంటా."

మధులతకు ఆ షోరూం తెరిపించడానికి మూడేళ్ళు పట్టింది. ఇంట్లో వద్దంటున్నా హైదరాబాదులో ఉద్యోగం వదిలి వచ్చింది. పెన్ను చేతిలోకి తీసుకొని నివేదికను ఇంకోసారి చదివింది. తర్వాత ఆ నివేదిక కింద, రెజీనా సంతకం పక్కన తన సంతకం పెట్టి, నేరుగా జర్మనీ కార్యాలయానికి పంపింది. "పంపేశాను సార్" అని ఫోన్ పెట్టేసింది.

అప్పటికి బయట గజ్జెల చప్పుడు వినిపిస్తోంది. నాలుగు జతల ఎద్దులు వచ్చి నిలబడ్డాయి. కొమ్ములకు రంగులు, మూపులకు పట్టు గుడ్డలు. కెమెరాలతో టీవీ వాళ్ళు, ఫోన్లు పట్టుకొని కల్లూరు జనం, ఆటోలు ఆపి దిగిన వాళ్ళు, అందరూ తమాషా కోసం వచ్చారు. బయటికి వచ్చిన మధులత మెట్ల మీదే ఆగిపోయింది. సుధీర్ ఎద్దులను వద్దనలేదా?

సుధీర్ కారు దిగి టీవీ వాళ్ళ దగ్గరికి నడిచాడు.

"ఈ కారును ఎద్దులతో లాగిస్తానని నేనే చెప్పినా. తప్పు వాళ్ళదే. ఆ తప్పును వాళ్ళ మనిషే పట్టుకొని, మాదే తప్పని నా మొహం మీద చెప్పింది. ఇంత పెద్ద వ్యాపారం చేస్తాండా, తప్పు మాదని చెప్పినోన్ని ఇంతవరకు నేను చూడలే. అందుకని ఎద్దులు లాగవు. ముందర నడుస్తాయి. వెనక మా అమ్మ ఊరేగుతాది."

తప్పెట్లు మోగాయి. ఎద్దులు గజ్జెలు కదిలించుకుంటూ ముందు నడిచాయి. వెనక తడిసిన కడప బండ రంగు కారు, ఎండలో నిగనిగలాడుతూ, మనిషి నడకంత నెమ్మదిగా. తలుపు అద్దాలు దించి ఉన్నాయి. వెనక సీట్లో సుబ్బలక్ష్మమ్మ పీట మీద కాళ్ళు చాపుకొని, దారి పొడవునా జనానికి దండం పెడుతోంది. నడుపుతున్నది రెజీనా. ఆమె తండ్రి దావీదురాజు ఎద్దుల వాళ్ళతోపాటు పత్తికొండ నుంచి లారీలో వచ్చి, జనంలో కారుతో సమానంగా నడుస్తున్నాడు. రాజ్‌విహార్ దగ్గర కారు ఆగినప్పుడు బానెట్ మీద చెయ్యి పెట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"బాగుండాది పాపా. యాడా తప్పు ల్యా" అన్నాడు.

సుబ్బలక్ష్మమ్మ కిటికీలో నుంచి చెయ్యి చాపి అతన్ని పిలిచింది. "నీ కూతురా? నన్ను దరిద్రపుదనే మాట నుంచి బయటేసింది నాయనా. ఆ మాట మా ఇంట్లో ఇంగ ఎవురూ అనరు." పక్కన నిలబడిన స్వర్ణలత కళ్ళు తుడుచుకుంటూ అత్త భుజం మీద చెయ్యి వేసింది.

ఆ వీడియో లక్షల మంది చూశారు. జర్మనీ నుంచి మూడు వారాలకు జవాబొచ్చింది. అదే తీరుగా పీట బిగించిన రెండు వందల పైచిలుకు కార్లను దేశదేశాల నుంచి వెనక్కి పిలిపించి వైర్లు మార్చారట. మరో తొమ్మిది కార్లలో రాగి బయటపడి కనిపించిందట. నివేదిక రాసిన సాంకేతిక నిపుణురాలికి కృతజ్ఞతలని కింద పేరుతో సహా రాశారు. రెజీనాను వర్క్‌షాపు పెద్దను చేశారు. ఆమె పెట్టిన మొదటి నియమం, ఏ కారు వచ్చినా ముందు వెనక సీట్లో కూర్చునే వాళ్ళతో మాట్లాడాలని.

కాజిమా వాళ్ళు కూడా ఊరుకోలేదు. తమ కడప షోరూంలో చేరమని రెజీనాను రెండుసార్లు అడిగారు. రెండోసారి మేనేజరే స్వయంగా వచ్చాడు. రెజీనా మర్యాదగా టీ ఇప్పించి పంపేసింది.

శ్రావణంలో ఒకరోజు భూపేష్ కల్లూరు షోరూంలో అడుగుపెట్టాడు. మధులత ఎదురెళ్ళి, తోలు ముక్కల పెట్టె తెరవబోయింది. అతను చేత్తో వారించాడు.

"రంగు మా యమ్మ చెప్తాది, కార్లో ఉండాది. నా కాజిమా ఏడేండ్లలో ఆగలేదు మేడం, ఇంగ ఆగదు కూడా. కానీ ఆగితే మాత్రం, తప్పు మాదని చెప్పే మనిషి వాళ్ళ కాడ ఉండాదో ల్యాదో నాకు తెలీదు. ముందు ఆ రెజీనాను పిలవండి."

రెజీనా చేతులు తుడుచుకుంటూ వర్క్‌షాపు నుంచి వచ్చింది. భూపేష్‌ను దాటుకొని, బయట ఆగిన కారు దగ్గరికి వెళ్ళి, వెనక తలుపు తీసి, లోపల కూర్చున్న పెద్దామె పక్కన కూర్చుంది.

"చెప్పండమ్మా," అంది, "మీరు ఎట్ల కూచుంటారు?"